మూలకణాలు ఇచ్చినవారికి బ్లడ్ కేన్సర్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. అన్నయ్యకు బ్లడ్ కేన్సర్ వస్తే 3 ఏళ్ల క్రితం నా రక్త మూలకణాలు ఇచ్చాను. ముందు 5 రోజులు ఇంజెక్షన్లు చేశారు. అన్నయ్య ఇప్పుడు బాగున్నాడు. నాకే 6 నెలలుగా నడుం నొప్పి, నీరసం. మెడికల్ షాపులో తెచ్చుకున్న నొప్పి మాత్ర రోజూ వేసుకుంటేనే పని చేసుకోగలుగుతున్నా. ఆ ఇంజెక్షన్ల వల్ల నాకూ బ్లడ్ కేన్సర్ వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీకు చేసినవి జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు అయి ఉంటాయి. ఎముక మజ్జలోని మూలకణాలు (రక్తకణాలను తయారుచేసే కణాలు) రక్తంలోకి రావడానికి ఇస్తారు. వీటితో ముందుముందు కేన్సర్ వస్తుందేమోనన్న అనుమానం డాక్టర్లకూ ఉండేది కాబట్టే దాతలను ఏళ్ల తరబడి గమనించారు. మామూలు జనంతో పోలిస్తే వారిలో బ్లడ్ కేన్సర్లు ఎక్కువగా కనిపించలేదు. ముప్పు అసలే లేదని రాసివ్వలేను. దానం చేయనివారికైనా అలా రాసివ్వలేం కదా. తోబుట్టువుకు బ్లడ్ కేన్సర్ వచ్చినవారిలో ముప్పు కాస్త ఎక్కువ ఉండొచ్చు, కానీ దానికీ మీ దానానికీ సంబంధం లేదు.

ఆ ఇంజెక్షన్లతో వచ్చే ఒళ్లునొప్పులు, ఎముకల నొప్పులు అవి ఆపిన కొద్ది రోజుల్లోనే తగ్గిపోతాయి. రెండున్నరేళ్ల తర్వాత మొదలైన నడుం నొప్పిని వాటి ఖాతాలో వేయకండి.

నాకు భయమేసింది మాత్రం మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసేసిన ఆ నొప్పి మాత్ర గురించి. పేరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటిదైతే 6 నెలలు రోజూ వేసుకోవడం చిన్న విషయం కాదు. కడుపులో పుండు పడి, తెలియకుండానే కొద్దికొద్దిగా రక్తం పోవచ్చు. రక్తం తగ్గితే నీరసం. కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు. కేన్సరేమోనని మీరు భయపడుతున్న నీరసం ఈ మాత్ర పనే కావచ్చు. మూలకణాలు తీసేటప్పుడు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి ఆస్పిరిన్ లాంటివి ముట్టుకోవద్దని, నొప్పికి పారాసెటమాల్ చాలని అప్పట్లో మీకు చెప్పే ఉంటారు. అప్పుడు అంత జాగ్రత్తగా ఉన్నవాళ్లు ఇప్పుడు షాపువాణ్ని డాక్టర్ని చేసేశారు!

ఆ మాత్ర ఇవాళే ఆపి, ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించుకోండి. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలతో చాలావరకు తెలుస్తుంది. నడుం సంగతి చూడకుండా చెప్పలేను, ఎక్స్‌రే కావాలో వద్దో పరీక్షించిన డాక్టరే నిర్ణయిస్తారు. మలం తారులా నల్లగా వస్తున్నా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నా, మూత్రం పట్టు తప్పినా వారం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. విడవని జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిపై కమిలిన మచ్చలు ఉంటే అవీ దాచకుండా చెప్పండి.

మరో మాట. దాతలకు ఫాలోఅప్ ఉంటుంది. మీరు వెళ్తున్నట్టు ఎక్కడా రాయలేదు. మూలకణాలు తీసిన ఆస్పత్రికి ఫోన్ చేసి, అప్పటి రిపోర్టులు తీసుకుని ఫిజీషియన్ దగ్గరికి పట్టుకెళ్లండి. అప్పటి సీబీపీ పక్కన ఇప్పటిది పెట్టి చూస్తే వారికి పని సులువవుతుంది.