ముక్కు దిబ్బడకు రెండో కారణం దిండు కింద ఉంది

ప్రశ్న: నా వయసు 34. దుమ్ము అలర్జీ ఉంది. పడుకోగానే ముక్కు రెండువైపులా మూసుకుపోతుంది. నోటితో గాలి పీల్చి పీల్చి, నాలుక పిడచకట్టుకుపోయి లేస్తాను. నాలుగు నెలలుగా ముక్కులో వేసుకునే చుక్కలే దిక్కు. మొదట్లో రాత్రికి ఒకసారి చాలేది, ఇప్పుడు మూడు గంటలకోసారి కావాలి. సీసా దిండు కింద లేకపోతే నిద్ర పట్టదు. ఏం చేయాలి?

జవాబు: దిండు కింద సీసా అనగానే నవ్వు వచ్చింది, ఏమీ అనుకోకండి. వైద్యం చదివే రోజుల్లో నా దిండు కిందా ఒకటి ఉండేది.

దాని మీద ఆక్సీమెటజోలిన్ అనో, జైలోమెటజోలిన్ అనో ఉందేమో చూడండి. అలర్జీలో ముక్కు మూసుకుపోయేది చీమిడి వల్లే కాదు. లోపలి పొరలోని రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకవుతుంది. పడుకుంటే ఉబ్బు ఇంకా పెరుగుతుంది. చుక్కలు ఆ నాళాలను ముడుచుకునేలా చేస్తాయి. మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే, మందు పట్టు వదిలిన ప్రతిసారీ అవి మళ్లీ ఉబ్బుతాయి, మీరు మళ్లీ సీసా తీస్తారు. అలర్జీ సగం, సీసా సగం, మీ బాధ.

నేను ముందు ఒకవైపే మానేశాను. ఆ వైపు తెరుచుకున్నాక రెండోది. మొదటి వారం నరకమే, దాచను. ఈలోగా ఫ్లుటికాసోన్ లేదా మొమెటాసోన్ స్ప్రే మీ డాక్టరును అడగండి. స్టిరాయిడ్ అని బెదరకండి, రక్తంలో చేరేది అత్యల్పం. కానీ చుక్కల్లా నిమిషాల్లో పనిచేయదు. పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టవచ్చు. నాలుగో రోజున విసిగి పారేసేవారే ఎక్కువ. తల కాస్త వంచి, కుడి చేత్తో ఎడమ వైపు, ఎడమ చేత్తో కుడి వైపు కొట్టండి. అప్పుడు మందు మధ్య గోడకు తగలదు, రక్తం పడదు.

సెటిరిజిన్ లాంటి మాత్ర తుమ్ములకూ దురదకూ మంచిదే, దిబ్బడకు అంతంతమాత్రం. స్ప్రేకు ముందు ఉప్పునీటితో ముక్కు కడిగితే హాయిగా ఉంటుంది. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే వాడండి. కుళాయి నీళ్లలోని అమీబా ముక్కు గుండా మెదడుకు చేరడం అరుదే గానీ, ప్రాణాంతకం. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికించండి.

ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోతున్నా, రక్తం పడుతున్నా, ఛాతీలో పిల్లికూతలు వినిపించినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి.