కోటిపల్లి రైలును ఎవరు ఎత్తుకెళ్లారు?

ప్రశ్న: మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. ఒకప్పుడు కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు తిరిగేదనీ, యుద్ధం వచ్చాక దొరలు పట్టాలు పీకి పట్టుకుపోయారనీ మా నాయనమ్మ చెప్పేది. ఆ మాట ఇంట్లో ఎత్తితే మా కుర్రాళ్లు నవ్వుతున్నారు, పట్టాలు ఎవరైనా పీక్కుపోతారా అని. ఇది నిజంగా జరిగిందా? జరిగితే ఇన్ని లైన్లుండగా వాళ్లకి మాదే ఎందుకు కనబడింది?

జవాబు: ఈసారి నవ్వాల్సింది మీరే, ఎందుకంటే మీ నాయనమ్మ చెప్పింది అక్షరాలా నిజం. కాకినాడ - కోటిపల్లి లైను 1928లో వేశారు, 45 కిలోమీటర్లు. 1940లో పీకేశారు. పట్టుమని పన్నెండేళ్ల ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక పశ్చిమాసియా వైపు సైన్యానికి సామాను మోయడానికి అక్కడ అర్జంటుగా రైలు మార్గాలు కావాల్సివచ్చాయి. ఇంగ్లండులో ఉక్కంతా తుపాకులకీ ట్యాంకులకీ పోతోంది. కొత్త పట్టాలు తయారయ్యే దాకా ఆగే తీరిక లేదు. మరి తయారుగా ఉన్న పట్టాలెక్కడున్నాయి? మన నేల మీద.

లైను ఎత్తేయడమంటే మీ కుర్రాళ్లు అనుకున్నంత కష్టమేం కాదు. పట్టాకీ పట్టాకీ మధ్య ఉండే ఫిష్ ప్లేట్ల బోల్టులు విప్పుతారు, స్లీపర్లకు పట్టాను పట్టి ఉంచే మేకులు లాగుతారు, ఎత్తి వ్యాగన్లో వేస్తారు. ఇదంతా కొస నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తూ చేయాలి, ఎందుకంటే విప్పిన పట్టాలు మోసుకెళ్లాల్సింది ఇంకా విప్పని పట్టాల మీదే. లైను తనను తాను మోసుకుంటూ వెళ్లిపోయిందన్నమాట! మిగిలేది మట్టికట్ట, దాన్ని మాత్రం ఎవరూ ఓడెక్కించలేరు.

ఇక మీదే ఎందుకు అన్నదానికి వద్దాం. అసలు ప్రశ్న అదే. మీ ఒక్కరిదే కాదు. కేరళలో షొర్నూర్ - నిలంబూర్ లైను 1941లో ఎత్తేశారు, తమిళనాడులో మదురై - బోడినాయకనూరు లైనుకీ ఆ యుద్ధకాలంలోనే అదే గతి పట్టింది, హిమాలయాల కింద కాంగ్రా లోయలో నగ్రోటా నుంచి జోగిందర్‌నగర్ దాకా ఉన్న ముక్క 1942లో పోయింది. వీటన్నిటికీ ఒకటే పోలిక: మెయిన్ లైను నుంచి చీలి ఎక్కడో ఒక ఊళ్లో ఆగిపోయే కొమ్మలు. మద్రాసు - కలకత్తా లైను మీద చెయ్యి వేస్తే దేశం ఆగిపోతుంది, కోటిపల్లి కొమ్మ నరికితే కోటిపల్లి వాళ్లే ఏడుస్తారు. కొమ్మలు ఏరుకున్నారంటే అందుకే.

అయితే నెపమంతా యుద్ధం మీద వేయడం నాకు ఒప్పుదల కాదు. ఈ లైను పుట్టిందే చెడ్డ రోజుల్లో. 1928లో రైలొచ్చింది, 1929లో ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో పడింది, ధాన్యం ధర కూలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మోటారు బస్సులు పల్లెలకు ఎగబడ్డాయి. బస్సు ఇంటి ముందు ఎక్కించుకుని సంత ముందు దింపేది, రైలు కోసం స్టేషన్ దాకా నడవాలి. ఈ బస్సుల దెబ్బకి దేశమంతటా రైల్వేలు ఎంతగా కంగారుపడ్డాయంటే, 1932లో ప్రభుత్వం మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులను ప్రత్యేకంగా ఈ రోడ్డు - రైలు పోటీ మీదే విచారణకు వేసింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం వెనక కూడా ఈ గొడవ ఉంది.

పైగా మీ ప్రాంతంలో ఇంకో పోటీదారు ఉన్నాడు, కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసిన కాటన్ దొర కాలువలు తవ్వించింది పొలాలకి ఒక్కదానికే కాదు, పడవలు నడవడానికి కూడా. రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పోస్తే దేశం బాగుపడుతుందని ఆయన చివరిదాకా వాదించాడు కూడా. డెల్టాలో ధాన్యం బస్తాలు పడవ మీద చవగ్గా వెళ్తుంటే రైలుకి మిగిలే సరుకెంత? (గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకి దండం పెట్టని ఊరుండదు. రైలు రాలేదని ఏడ్చే ఊళ్లూ అవే.)

మరి అంత బీదలైనైతే వేయడమెందుకంటారా? కోటిపల్లి రేవు కోసం. అక్కడ గోదావరి పాయ గౌతమి దాటితే ముక్తేశ్వరం, అంటే కోనసీమ గుమ్మం. అటు నుంచి జనం, కొబ్బరికాయలు, అరటిగెలలు పంటు మీద ఇవతలికి వస్తే ఇక కాకినాడ దాకా రైలే. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లేవాళ్లకి కాకినాడలో ఓడ ఉండేది. కార్తీక సోమవారాలకీ శివరాత్రికీ ద్రాక్షారామం భీమేశ్వరుడూ కోటిపల్లి సోమేశ్వరుడూ ఎటూ జనాన్ని లాగుతారు. లెక్క బాగానే ఉంది, కానీ నదికి ఇవతల ఆగిపోయిన లెక్క.

ప్రశ్న: యుద్ధం 1945లో అయిపోయింది. పట్టాలు మళ్లీ వేయడానికి 2004 దాకా ఎందుకు పట్టింది? వేశాక రైల్‌బస్ ఒకటి తిప్పి అదీ ఆపేశారు. మా లైను మళ్లీ మూసేసినట్టేనా? - కాకినాడ పాఠకుడు

జవాబు: మీ కోపం న్యాయమే. నిలంబూర్ లైను 1950ల మొదట్లోనే తిరిగొచ్చింది, కాంగ్రా ముక్క 1954లో వచ్చింది, బోడినాయకనూరుదీ ఆ రోజుల్లోనే. మనది 64 ఏళ్లు. ఒకసారి రైలు పోయాక ఆ ఖాళీ ఖాళీగా ఉండదు, బస్సు వచ్చి కూర్చుంటుంది. ఒక తరం గడిచాక రైలు ఉండేదన్న సంగతి అడిగేవాళ్లకే గుర్తుండదు, ఇచ్చేవాళ్లకి ఏం గుర్తుంటుంది? ఢిల్లీలో గట్టిగా అడిగే మనిషి దొరకాలి. ఆ మనిషి అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. కోనసీమకు రైలు అన్న మాట బలంగా వినిపించింది ఆయన హయాంలోనే. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయారు. కాకినాడ - కోటిపల్లి పట్టాలు మాత్రం 2004లో మళ్లీ పడ్డాయి, ఆయన చూడలేదు.

రైల్‌బస్ సంగతి. ఎక్కనివాళ్ల కోసం చెబుతున్నా: ఒకే ఒక్క పెట్టె, చూడ్డానికి బస్సే, కింద చక్రాలు మాత్రం రైలువి. నేను ఒకసారి పనిగట్టుకుని కాకినాడ టౌన్‌లో ఎక్కాను. కరప దాటాక రెండు పక్కలా వరిచేలు, కొబ్బరిచెట్లు, బండి తాపీగా పోతోంది. రోడ్డు అడ్డం వచ్చినచోట ఆగింది. మాతోపాటే వచ్చిన మనిషి దిగి గేటు వేశాడు. బండి దాటి అవతల ఆగింది. ఆయన గేటు తీసి, పరుగున వచ్చి మళ్లీ ఎక్కాడు. తర్వాతి గేటు దగ్గరా ఇదే తంతు! నాకు సరదాగానే ఉంది, రామచంద్రపురంలో ఆఫీసు టైముకి దిగాల్సిన నా పక్కాయనకి మాత్రం టెన్షన్.

2020 మార్చిలో కరోనాకి దేశమంతా రైళ్లు ఆగినప్పుడు ఇదీ ఆగింది. ఆ తర్వాత మిగతావి ఒక్కొక్కటీ మళ్లీ కదిలాయి, దీన్ని మాత్రం ఏళ్లు గడిచినా పక్కన పెట్టేశారు. కానీ 1940కీ దీనికీ తేడా ఉంది. అప్పుడు లైనునే ఎత్తేశారు, ఇప్పుడు బండి ఆపారు, పట్టాలు నేల మీదే ఉన్నాయి. రోజుకి ఒక్క బండి వేసి, అది కూడా నత్తనడక నడిపించి, ఆనక జనం ఎక్కడం లేదని చెప్పడం మన దగ్గర పాత విద్య. టైముకి దొరకని బండి ఎవరెక్కుతారు? పక్కనే బస్సులుండగా.

నన్నడిగితే దీని ప్రాణం కాకినాడలో లేదు, కోటిపల్లి అవతల ఉంది. నర్సాపురం దాకా వెళ్లాలంటే మూడు పాయలు దాటాలి: గౌతమి, వైనతేయ, వశిష్ఠ. మూడు పెద్ద వంతెనలు, మధ్యలో సెంటు భూమి కూడా ఖరీదైన కొబ్బరితోటలు, ఖర్చులో రాష్ట్రం పెట్టాల్సిన వాటా. పని ఏళ్లకేళ్లు సాగడానికి కారణాలు ఇవి చాలు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే గౌతమి మధ్యలో రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి, ఈసారి వెళ్లినప్పుడు చూడండి. అవతలి గట్టు తగిలిన రోజున కాకినాడ బండి నర్సాపురం మీదుగా భీమవరం పోతుంది, అప్పుడిది కొమ్మ కాదు. అప్పటిదాకా 1928 నాటి జబ్బే, రేవు దగ్గర ఆగిపోయే లైను.

ప్రశ్న: మా టెక్కలి మీదుగా వెళ్లే నౌపడ - గుణుపురం చిన్న రైలు కూడా యుద్ధంలోనే పోయిందని ఒకాయన వాదిస్తున్నాడు. నిజమా?

జవాబు: కాదు, పందెం కాసి ఉంటే మీరే గెలిచారు. అది పర్లాకిమిడి రాజావారు సొంతంగా వేయించుకున్న రైలు, 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. గుణుపురం దాకా 1931కి వెళ్లింది. యుద్ధాన్ని తట్టుకుని ఇంకో అరవై ఏళ్లు నడిచింది. ఆపింది 2004 జూన్‌లో, అదీ బ్రాడ్‌గేజ్‌గా మార్చడానికే. 2011లో గుణుపురానికి పెద్ద రైలు వెళ్లింది. అంటే కోటిపల్లికి పట్టాలు తిరిగొచ్చిన ఏడాదే మీ చిన్న రైలు ఆగింది. మీ వాదన మిత్రుడు ఈ రెండూ కలిపేసుకుని ఉంటాడు.