చిన్నీ, స్కూటరు బ్యాటరీ కొనేముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "స్కూటరు బ్యాటరీ అయిపోయిందట, ఆన్‌లైన్లో తెప్పించి తనే బిగించుకుంటుందట" అని. వినగానే ఛాతీ పొంగింది. మెకానిక్కు ఫోన్ చెయ్యకుండా స్పానరు పట్టుకుంటానన్నావు చూడు, అది బాగుంది. ఆ మరుక్షణం కంగారూ పుట్టింది. ఎందుకో కింద చెబుతాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే డబ్బు కట్టు.

అసలు పోయింది బ్యాటరీయేనా? అది తేలకుండా కొనడం మహా పొరపాటు. మూత తీసి రెండు టెర్మినళ్లూ చేత్తో కదిపి చూడు. వదులుగా ఉన్నా, తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉన్నా సెల్ఫ్ అందుకోదు. వేణ్నీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగా తుడిచి బిగిస్తే చాలాసార్లు బండి లేచి కూర్చుంటుంది. అయినా లేవకపోతే ఒక మల్టీమీటరు, అదే వోల్టులు కొలిచే చిన్న మీటరు, కొనుక్కో. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి మూడుసార్లు చూడాలి.

పొద్దున్నే, రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక, 12.6 పైన ఉంటే ఛార్జి నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే కొంత తగ్గినట్టు. 12 కిందికి వెళితే ఖాళీ. ఖాళీ అయినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. ఛార్జి చేయించి మళ్లీ ఒక రాత్రి ఉంచి చూడు. నిలబడకపోతే అప్పుడు పోయినట్టు. రెండోసారి, సెల్ఫ్ నొక్కుతూ చూడు. 10 కిందికి జారిపోతే బ్యాటరీలో బలం లేదు. మూడోది అందరూ వదిలేసేది. ఇంజను ఎలాగోలా స్టార్టు చేసి, యాక్సిలరేటరు కాస్త తిప్పి పట్టుకుని చూడాలి. 13.5 నుంచి 14.5 దాకా రావాలి. 12 దగ్గరే ఉండిపోతే బండి ఛార్జి చెయ్యడం లేదన్నమాట. అది ఫ్యూజో, కనెక్టరో, ఛార్జింగు వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటరో, లోపలి కాయిలో. 15 దాటితే రెగ్యులేటరు పోయినట్టు, అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. ఈ రెంట్లో ఏదున్నా కొత్త బ్యాటరీ కొంటే దాన్ని కూడా చంపుకున్నట్టే.

నీది 2021 బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. మీ నాన్న నడిపిన కార్బురేటరు బండి బ్యాటరీ అడుగంటినా కిక్కు కొడితే వచ్చేది. దీంట్లో పెట్రోలు పంపుకీ కంప్యూటరుకీ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిందంటే కిక్కు ఎంత కొట్టినా రాకపోవచ్చు. రాత్రి పది గంటలకు మియాపూర్ నుంచి ఒక్కదానివే వస్తావని అక్క చెప్పినప్పటి నుంచీ నాకు అదే ఆలోచన. అందుకని "ఇంకో నెల లాగుదాం" అనుకోకు.

ఏ బ్రాండు అని అడుగుతావు. మన అమరరాజా వాళ్ల అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా ఫరవాలేదు. బ్రాండు కన్నా తయారీ తేదీ ముఖ్యం. ఆర్నెల్లు దాటిన సరుకు వద్దు. షాపులోనే మీటరు పెట్టి చూడు, సీలు బ్యాటరీ 12.6 చూపించకపోతే ఇంకోటి తియ్యమను. మొహమాటపడకు. బిల్లు మీద, వారంటీ కార్డు మీద బ్యాటరీ నంబరు, తేదీ, షాపు ముద్ర ఉండాలి. ప్రో-రేటా వారంటీ అంటే కొత్తది ఉచితంగా ఇస్తారని కాదు, ధరలో కొంత తగ్గిస్తారని. ఉచితంగా మార్చేది ఎన్ని నెలలో విడిగా అడుగు. లిథియం బ్యాటరీలు తేలికే కానీ, నీ బండి ఛార్జింగుకు అవి సరిపడతాయో లేదో తేల్చుకోకుండా అటు పోవద్దు.

కొన్ని బ్యాటరీలు పొడిగా వస్తాయి, యాసిడ్ ప్యాకు విడిగా ఉంటుంది. ఆన్‌లైన్లో అలాంటిది వస్తే నువ్వు ముట్టుకోవద్దు. ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నా. షాపులోనే పోయించు. పోశాక కనీసం అరగంట ప్లేట్లకు పట్టనివ్వాలి, ఆ తరవాత మొదటి ఛార్జి. ఛార్జింగు కరెంటు దాని సామర్థ్యంలో పదో వంతు. అంటే 3 ఏహెచ్‌కి (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం లెక్క) 0.3 ఆంపియరు. కొన్ని గంటలు పడుతుంది. "పోశాం కదమ్మా, బండే ఛార్జి చేసుకుంటుంది" అని పది నిమిషాల్లో బిగించి పంపేస్తారు. మొదటి ఛార్జి సరిగా పడని బ్యాటరీ జన్మలో నిండుగా పనిచెయ్యదు. సాయంత్రం వచ్చి తీసుకుంటానని చెప్పి వచ్చెయ్యి. కారు ఛార్జరు మాత్రం పెట్టనివ్వకు.

ఇక సైజు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

పాతదాని మీద నంబరు ఫొటో తీసుకుని, సరిగ్గా అదే కొను. పక్కపక్కనే ఉండే నంబర్లతో మోసపోతాం. టీఎక్స్4ఎల్ అనేది 3 ఏహెచ్, టీఎక్స్5ఎల్ అనేది 4 ఏహెచ్. రెండూ 113 మిల్లీమీటర్ల పొడవు, 70 వెడల్పు. పైనుంచి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. కానీ ఒకటి 85 ఎత్తు, ఇంకోటి 105. ఆ 20 మిల్లీమీటర్లు, రెండు సెంటీమీటర్లు, అక్కడే ఉంది ప్రమాదం.

మీ నాన్న చేసింది అదే. నువ్వు అప్పుడు మూడో క్లాసు. బావకి ఏ వస్తువైనా "ఒక సైజు పెద్దది" కొనడం అలవాటు, నీ బడి చెప్పులతో సహా. బ్యాటరీ కూడా అలాగే తెచ్చాడు. ట్రేలో దిగింది, పైకి మాత్రం పొడుచుకొచ్చింది. బ్యాటరీని అదిమి పట్టే ఇనప పట్టీ అందకపోతే దాన్ని వంచి బిగించాడు. పాజిటివ్ మీది ఎర్ర రబ్బరు తొడుగు వల్ల మూత పడటం లేదని ఆ తొడుగు తీసేశాడు. పట్టీకీ టెర్మినల్‌కీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టాడు. బండి బ్రహ్మాండంగా స్టార్టయింది. నెలల తరబడి తిరిగింది. గతుకు గతుకుకీ ఆ ట్యూబు ముక్క అరిగింది.

ఒకరోజు పట్టీ పాజిటివ్‌కి తగిలింది. ఫ్యూజు కాపాడుతుందిగా అనుకుంటారు. కాపాడదు. ఫ్యూజు ఉండేది టెర్మినల్ నుంచి బయలుదేరిన తీగ మీద. పట్టీ బిగించి ఉండేది చాసిస్‌కి, అంటే బండి ఇనప చట్రానికి. టెర్మినలే నేరుగా దానికి తగిలితే కరెంటు ఆ తీగలోకి వెళ్లనే వెళ్లదు. చాసిస్‌లోంచి ఎర్తు తీగ, అదే నెగటివ్ తీగ గుండా తిరిగి బ్యాటరీకే చేరుతుంది. అరచేతిలో పట్టే బ్యాటరీయే అయినా ఆ క్షణంలో వంద ఆంపియర్లు దాటి తోస్తుంది. బావ బండిలో కాలింది ఎర్ర తీగ కాదు, నెగటివ్ తీగ. పైపొర కరిగి రాగి పోగులు బయటపడ్డాయి. ఫుట్‌బోర్డు సందుల్లోంచి పొగ.

ఆ ఫుట్‌బోర్డు మీదే కదా రోజూ నువ్వు నిలబడి, హ్యాండిల్ పట్టుకుని బడికి వెళ్లేదానివి. ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నావు. ఈ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. బావ ఆ సాయంత్రం అన్నం తినలేదు.

కాబట్టి పెద్దది వద్దు తల్లీ. 3 బదులు 4 ఏహెచ్ పెడితే కరెంటు పరంగా బండికి వచ్చే నష్టమేం లేదు, నిజమే. కానీ ట్రేలో పట్టాలి, పట్టీ వంచకుండా బిగియాలి, ఎర్ర తొడుగు పూర్తిగా కూర్చోవాలి, మూత నొక్కకుండా పడాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా వెనక్కి ఇచ్చెయ్యి. పాజిటివ్ ఏ పక్క ఉందో కూడా పాతదాంతో పోల్చి చూసుకో. తారుమారైతే తీగ అందదు, అందని తీగని లాగి బిగించడం మొదలుపెడతాం.

బిగించేటప్పుడు తాళం తీసి జేబులో వేసుకో. చేతి గాజులు, ఉంగరం తియ్యి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. నెగటివ్ ఊడి ఉంటే స్పానరు పొరపాటున పాజిటివ్‌కీ చాసిస్‌కీ ఒకేసారి తగిలినా నిప్పురవ్వ రాదు. టెర్మినల్ గూట్లో ఉండే చిన్న చదరపు నట్టు కిందికి జారిపోయి బోల్టుకి అందదు, విసుగొస్తుంది. నట్టు కింద చిన్న స్పాంజి ముక్క పెట్టు, పైకి నిలబడుతుంది. సీసం మెత్తన, బలంకొద్దీ తిప్పితే టెర్మినల్ విరుగుతుంది. తీగ చేత్తో కదలనంత బిగువు చాలు. తరవాత పైన వాజిలీన్ పలచగా రాయి.

ఊరికి వచ్చి పది, పదిహేను రోజులు ఉండేటప్పుడు నెగటివ్ విప్పేసి రా. పాతదాన్ని బాల్కనీలో పడెయ్యకు. షాపువాడికి ఇస్తే బిల్లులో తగ్గిస్తాడు, తగ్గించకపోతే అడుగు.

మూత వేసే ముందు ఒక ఫొటో తీసి పంపు. ఎర్ర తొడుగు కనపడేలా తియ్యి. నేను చూసి సరే అన్నాక మూత వేద్దువుగాని.

మామయ్య
తణుకు