వీపు వంపు: బెల్టా, వ్యాయామమా, ఆపరేషనా?

ఈ వారం ‘మీ ప్రశ్న – మా జవాబు’కి విశాఖ నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో నాలుగు వెన్ను వంపు గురించే ఉన్నాయి. డాక్టర్లు కైఫోసిస్ అంటారు, ఇళ్లలో గూని అనేస్తాం. పేరు ఒకటే గానీ ఈ నలుగురివీ నాలుగు వేర్వేరు పరిస్థితులు. అందుకని పక్కవాళ్లకి రాసిన జవాబు చదివి మీరు వైద్యం మొదలుపెట్టెయ్యకండి.

ప్రశ్న: మా బాబుకి 14 ఏళ్లు. ఏడాదిగా మూపు గుండ్రంగా పైకి తేలింది. సరిగ్గా కూర్చోరా అని రోజూ తిడుతూనే ఉన్నాను. ఎక్స్‌రేలో 62 డిగ్రీలని వచ్చింది. ఒక డాక్టరుగారు బెల్టు వెయ్యాలన్నారు, ఇంకొకరు వ్యాయామం చాలన్నారు. చుట్టాలేమో ఆపరేషన్ చేయించెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు? – ఓ తల్లి, గాజువాక

జవాబు: ముందు తిట్టడం ఆపండమ్మా. వీపు పైభాగంలో 20 నుంచి 45 డిగ్రీల వంపు అందరికీ ఉంటుంది. 62 డిగ్రీలంటే అది బద్ధకంగా కూర్చోవడం వల్ల వచ్చింది కాకపోవచ్చు. ఇంట్లోనే ఒక సంగతి చూడండి. బాబుని గచ్చు మీద బోర్లా పడుకోబెట్టి, చేతులు నుదుటి కింద పెట్టుకుని ఛాతీ కొంచెం పైకి లేపమనండి. మీరు పక్కన కూర్చుని వీపుని పక్కనుంచి చూడండి. గుండ్రం పోయి వీపు చదునైతే అది అలవాటు వంపు, వ్యాయామంతో సరవుతుంది. అప్పుడు కూడా ఆ దిబ్బ అలాగే బిగుసుకుని ఉంటే పూసల ఆకారమే మారిందని అనుమానించాలి.

ఈ వయసులో అలా జరిగేది ఎక్కువగా షాయర్‌మన్ జబ్బు వల్ల. హోల్గర్ షాయర్‌మన్ అనే డెన్మార్క్ డాక్టరు 1920లో దీన్ని వివరించాడు. ఎదిగే వయసులో పూస ముందు భాగం తక్కువగా, వెనక భాగం మామూలుగా పెరుగుతుంది. ఇటుకలా ఉండాల్సిన పూస, తలుపు కదలకుండా కింద దోపే చెక్కముక్కలా ఒక పక్క పల్చబడుతుంది. అలాంటివి వరసగా 3 పూసలు, ఒక్కొక్కటి 5 డిగ్రీలకి తగ్గకుండా వాలి ఉంటే ఈ జబ్బని తేలుస్తారు. బాబు తప్పు గానీ, మీ పెంపకం తప్పు గానీ ఇందులో ఏమీ లేదు.

ఇక బెల్టు సంగతి. దాన్ని తేల్చేది వంపు కొలత ఒక్కటే కాదు, ఎదుగుదల ఇంకా ఎంత మిగిలి ఉందనేది కూడా. కటి ఎముక ఎక్స్‌రే చూసి 0 నుంచి 5 దాకా ఒక అంకె వేస్తారు, దాన్ని రిస్సర్ గుర్తు అంటారు. 0, 1, 2 అయితే ఎముక ఇంకా పెరుగుతోంది, బెల్టుకి పని ఉంది. 4, 5 అయితే బెల్టు వేసినా పూస ఆకారం మారదు, డబ్బూ బాధా తప్ప మిగిలేది ఉండదు. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడానికి కారణం ఇదే కావచ్చు. మీ రిపోర్టులో ఆ అంకె ఉందా అని అడగండి. ఎదుగుదల మిగిలి ఉంటే మాత్రం 62 డిగ్రీలకి బెల్టు వెయ్యడమే మంచిదని మా అభిప్రాయం. వ్యాయామం దాని పక్కన ఉండాలి గానీ దానికి బదులుగా కాదు.

ఎక్స్‌రే నిలబెట్టి తీసిందేనా? పడుకోబెట్టి తీస్తే వంపు తక్కువగా కనిపిస్తుంది. మెడ నుంచి కటి దాకా ఒకే ఫిల్ములో, పక్కనుంచి, పిడికిళ్లు మెడ కింద అడ్డంగా ఉండే ఎముకల (కాలర్ బోన్) మీద పెట్టుకుని నిలబడ్డప్పుడు తీసిన కొలతే లెక్క. ఒకే ఫిల్ముని ఇద్దరు కొలిచినా 3 నుంచి 5 డిగ్రీల తేడా వస్తుంది. వచ్చేసారి 65 అని రాస్తే పెరిగిపోయిందని కంగారుపడకండి. పాత ఫిల్ములు పారెయ్యకుండా ప్రతిసారీ తీసుకెళ్లండి.

వంపు శిఖరం వీపు పైభాగంలో ఉంటే మెడ చుట్టూ రింగు వచ్చే మిల్వాకీ బెల్టు కావాలి, కింద ఉంటే చంకల కింద నుంచి ఉండే ప్లాస్టిక్ చిప్ప సరిపోతుంది. రెండూ కొలత తీసి చేయించాల్సినవే. మందుల షాపులో అమ్మే ఎలాస్టిక్ భుజాల బెల్టు ఈ జబ్బుకి పనికిరాదు. రోజుకి 16 నుంచి 23 గంటలు వేసుకోమంటారు. మొదటి రోజు 2, 3 గంటలతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తి సమయానికి రావాలి.

మన విశాఖ ఉక్కపోతలో బెల్టు మూలపడేది ముఖ్యంగా చెమట వల్లే. లోపల కుట్లు లేని పల్చటి నూలు బనియన్, ముడతల్లేకుండా లాగి వెయ్యాలి. రోజుకి రెండు మూడు సార్లు మార్చాలి, స్కూలుకి ఒకటి విడిగా సంచిలో పెట్టండి. బెల్టు కింద పౌడరు, నూనె, క్రీము రాయకండి, చర్మం మెత్తబడి పుండవుతుంది. బెల్టు తీశాక ఎర్రటి గుర్తులుంటే గడియారం చూడండి. అరగంటలో పోతే పర్వాలేదు. పోకపోయినా, తోలు ఊడినా, ఇంట్లో దూది కుక్కకుండా, బెల్టు చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి ఆ చోట సరిచేయించండి. పొట్ట నొక్కుతుంది కాబట్టి అన్నం ఒకేసారి కాకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. పిల్లాడు పెరుగుతుంటాడు గనక 3, 4 నెలలకోసారి బిగుతు చూపించాలి. ఎదుగుదల ఆగేదాకా, అంటే ఏడాదిన్నరకి పైగా ఓపిక పట్టాల్సిన పని ఇది. తరగతిలో టీచరుగారికి ముందే చెప్పి ఉంచండి. బెల్టు వదిలేసే పిల్లల్లో చాలామంది నొప్పికి కాదు, తోటివాళ్ల మాటలకి వదిలేస్తారు.

వ్యాయామాలు రోజుకి 20 నిమిషాలు. గోడకి ఆని నిలబడి గడ్డం లోపలికి లాగి 5 సెకన్లు ఉంచడం, 10 సార్లు. తలుపు చట్రానికి మోచేతులు ఆనించి ఛాతీ ముందుకి సాగదీయడం, 30 సెకన్ల చొప్పున 3 సార్లు. వెల్లకిలా పడుకుని పాదానికి తువ్వాలు వేసి కాలు పైకి లాగడం, ఒక్కో కాలికి 3 సార్లు. తొడ వెనక కండరాలు ఈ పిల్లల్లో బాగా బిగుసుకుని ఉంటాయి. చివర్లో బోర్లా పడుకుని ఛాతీ లేపడం, 10 సార్ల చొప్పున 2 విడతలు. ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది: మెడ వెనక్కి విరిచి, నడుం దగ్గర వంచేసి, మూపు మాత్రం కదపరు. పొట్ట కింద తలగడ పెట్టి, చూపు నేల మీదే ఉంచమనండి, అప్పుడు పని జరగాల్సిన చోట జరుగుతుంది. ఈత చాలా మంచిది. ఈతంటే కోచ్ ఉన్న కొలనులో. ఆర్కే బీచ్ అలల్లో వద్దు, అక్కడ లోపలికి లాగే నీటి ఉరవడి ప్రాణాంతకం. స్కూలు సంచి బాబు బరువులో పదో వంతు దాటకూడదు.

ఆపరేషన్ మాట ఇప్పుడు అక్కర్లేదు. బెల్టు వేసినా వంపు 75 డిగ్రీలు దాటుతుంటే అప్పుడు ఆలోచించాలి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ గూని, ఇప్పుడు 78 డిగ్రీలు. గంటసేపు కూర్చుంటే వీపు మంట. కాళ్లు బాగానే ఉన్నాయి. ఒక సర్జన్‌గారు ఆపరేషన్ అన్నారు, మరొకరు వద్దన్నారు. నాకూ అద్దంలో చూసుకుంటే బాధగానే ఉంటుంది. – ఓ పాఠకుడు, కంచరపాలెం

జవాబు: ఇద్దరూ తప్పు చెప్పలేదు. కాళ్లలో బలహీనత, తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం లేనప్పుడు ఈ ఆపరేషన్ అత్యవసరం కాదు, ఆలోచించుకుని ఎంచుకునేది. మీకు టైముంది. 78 డిగ్రీలకి సాధారణంగా ఊపిరికి ఢోకా ఉండదు, ఆ ఇబ్బంది 100 డిగ్రీలు దాటినవాళ్లలో కనిపిస్తుంది. అయినా శ్వాస పరీక్ష ఒకటి చేయించుకోండి.

ముందు ఆరు నెలలు ఫిజియోథెరపిస్టు దగ్గర వీపు బలం పెంచే వ్యాయామాలు నిజంగా చెయ్యండి, వారానికి కనీసం నాలుగు రోజులు. వంపు తగ్గదు గానీ నొప్పి చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే, లేదా పాత ఎక్స్‌రేతో పోల్చినప్పుడు వంపు పెరుగుతున్నట్టు తేలితే, ఆపరేషన్ వైపు మొగ్గు చూపవచ్చు. అద్దంలో చూసుకుని కలిగే బాధని కూడా సర్జన్‌గారికి దాచకుండా చెప్పండి. అదీ లెక్కలోకి తీసుకోదగ్గ కారణమే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆపరేషన్లో ఏం చేస్తారంటే, బోర్లా పడుకోబెట్టి వీపు మధ్యలో పొడవుగా కోసి, పూసలకి రెండు వైపులా స్క్రూలు బిగిస్తారు. పూసల వెనక ఉండే కీళ్లని కొంచెం కొంచెం తొలగిస్తారు, దాన్ని పాంటే కోత అంటారు. ఒక్కో చోట 5 నుంచి 10 డిగ్రీలు సడలుతుంది. తరవాత రెండు రాడ్లు వేసి నెమ్మదిగా వెనక్కి లాగి, ఎముక ముక్కలు పరుస్తారు. పదికి పైగా పూసలు కలిసి ఒకే ఎముకగా అతుక్కోవడానికి 6 నుంచి 12 నెలలు పడుతుంది. అసలు పట్టు ఆ అతుకుదే, రాడ్లు అప్పటిదాకా కాపు మాత్రమే. అతుక్కోకపోతే ఎంత గట్టి రాడ్డయినా ఎప్పుడో విరుగుతుంది. సిగరెట్ అలవాటుంటే కనీసం నెలన్నర ముందే మానేసి, అతుకు పడేదాకా ముట్టకూడదని చెప్పేది అందుకే.

78ని 30కి తెస్తామని ఎవరైనా అంటే ఆ మాటకి సంతోషించకండి. సగం కంటే ఎక్కువ సరిచేస్తే రాడ్లు ఆగిన చోటికి పైన కొత్త వంపు మొదలయ్యే ప్రమాదం ఉంది, మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. 45, 50 దగ్గర ఆపేవారే తెలిసినవారు. ఇన్ఫెక్షన్, రక్తం పోవడం, అరుదుగా వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోవడం, ఇవీ తెలుసుకునే ఒప్పుకోవాలి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఆపరేషన్ జరుగుతుండగా నరాల సిగ్నల్ చూసే న్యూరోమానిటరింగ్ ఉందా, ఏ పూస నుంచి ఏ పూస దాకా బిగిస్తారు, ముందు ఎంఆర్ఐ తీస్తారా అని నేరుగా అడగండి. ఎంఆర్ఐ ఎందుకంటే, లోపల డిస్కు జారి ఉంటే వీపు నిటారు చేసేటప్పుడు అది వెన్నుపాముని నొక్కే ప్రమాదం ఉంది. ఖర్చు కాగితం మీద రాయించుకోండి. స్క్రూలు, రక్తం, ఐసీయూ, మానిటరింగ్ అందులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూడండి. ఎన్టీఆర్ వైద్యసేవలో వస్తుందేమో ఆస్పత్రిలోని ఆ డెస్కు దగ్గర ముందే కనుక్కోండి.

ఇంటికొచ్చాక మంచం మీంచి లేచేటప్పుడు దుంగలా మొత్తం ఒక పక్కకి ఒత్తిగిలి, కాళ్లు దించి, చేత్తో నొక్కి లేవాలి. కింద కూర్చుని భోంచెయ్యడం, బకెట్ ఎత్తడం, బైకు మీద గతుకుల రోడ్లు కనీసం మూడు నెలలు వద్దు. కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది 6 నుంచి 8 వారాల్లో వెళ్తారు.

ప్రశ్న: మా అత్తగారికి 68. నెల కిందట నీళ్ల బిందె ఎత్తగానే వీపులో కలుక్కుమంది. అప్పట్నుంచి వంగిపోయారు, పొట్టిగా కూడా అయినట్టున్నారు. నూనె పెట్టి తొక్కిస్తే పోతుందంటున్నారు. – ఓ కోడలు, ఎంవీపీ కాలనీ

జవాబు: తొక్కించకండి. ఎముకలు గుల్లబారి పూస నలిగిపోయినప్పుడు అచ్చం ఇలాగే జరుగుతుంది. తొక్కిస్తే పక్క పూస కూడా పోతుంది. వీపు ఎక్స్‌రే, ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. డెక్సాలో టీ-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి వస్తే ఎముక గుల్ల. అయితే పూస విరిగినట్టు తేలితే, స్కోరు ఎంతున్నా మందు అవసరమే.

వారానికోసారి 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ మాత్ర రాస్తే, వేసుకునే పద్ధతి తప్పితే మందు దండగ. పొద్దున్నే పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతోనే మింగి, అరగంట సేపు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. కాఫీతో మింగితే ఒంటబట్టదు. మింగగానే నడుం వాలిస్తే ఆహారనాళం పుండుపడుతుంది. అరగంట కూర్చోలేకపోతే ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఉంది. దానికి ముందు కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు, పళ్ల పని ఏదైనా ఉంటే అదీ ముగించుకోవాలి. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికోసారి వేసుకునేది. రోజూ వేసుకుని కాల్షియం పెరిగిపోయి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు, చీటీ మళ్లీ చదవండి. తిండిలో పాలు, రాగి జావ, తినేవారైతే ముళ్లతో సహా నమిలే నెత్తళ్లు పెట్టండి.

ముందుకి వంగే ఆసనాలన్నీ మానిపించండి. పూస ముందు భాగం మీద బరువు పడితే మళ్లీ నలుగుతుంది. నలిగిన పూసలోకి సిమెంటు ఎక్కించే చికిత్స నాలుగైదు వారాలైనా నొప్పి తగ్గనివాళ్లకి ఆలోచించవచ్చు, అది నొప్పి కోసమే తప్ప పాత వంపు కోసం కాదు. చాలామందికి రెండు మూడు నెలల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. ఆలోగా బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి గదిలో లైటు పెట్టించండి.

ప్రశ్న: మా చెల్లికి 25. మూడు నెలలుగా వీపు నొప్పి, సాయంత్రానికి జ్వరం, బరువు తగ్గింది. వీపు మధ్య ఒక పూస మొనలా పొడుచుకొచ్చింది. ఊళ్లో నొప్పి ఇంజెక్షన్లు చేస్తున్నారు. – ఓ అక్క, అనకాపల్లి

జవాబు: ఇంజెక్షన్లు ఆపి రేపే బయల్దేరండి. గుండ్రంగా కాకుండా మొనలా పొడుచుకొచ్చి, జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్ను క్షయ అని అనుమానించాలి. విశాఖ కేజీహెచ్‌లో ఎముకల విభాగానికి గానీ, పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రికి గానీ వెళ్లండి. ఎంఆర్ఐ తీసి, సూదితో ముక్క తీసి పరీక్షించాలి. మందు మొదలుపెట్టకముందే ముక్క తీయించడం ముఖ్యం, మామూలు మందులకి లొంగని క్షయైతే ముందే తెలుస్తుంది.

ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, వైద్యం నడుస్తున్నంత కాలం పోషకాహారానికి నెలకి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తుంది. సాధారణంగా 12 నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువ వాడాలి. రెండు నెలలకే నొప్పి పోతుంది, సరిగ్గా అప్పుడే చాలామంది మానేస్తారు. మూత్రం నారింజ రంగులో రావడం మందు వల్లే, భయం లేదు. చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా, కళ్లు పచ్చబడినా వెంటనే చెప్పాలి. నడకలో చెప్పు జారిపోతున్నా, కాళ్లు బిగుసుకుపోతున్నా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా తెల్లారేదాకా కూడా ఆగకుండా అదే రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వెన్నుపాము మీద ఒత్తిడి ఎంత త్వరగా తీస్తే కాళ్లు అంత బాగా తిరిగొస్తాయి.