కింది పొర కణాలు పోతే చూపు కణాలెందుకు పోతాయి?

నాన్నగారి కంటి స్కాన్ చూసి డాక్టరు "రెటీనా కింది పొర పోయింది, దాంతో చూపు కణాలూ పోతున్నాయి" అన్నారని, ఒకటి పోతే రెండోది ఎందుకు పోవాలని మీరు అడిగారు. మా మామ్మ విషయంలో నేనూ అచ్చం ఇదే అడిగాను.

మాది పలాస. మామ్మ జీడిపప్పు పొట్టు తీసేది. ఒకరోజు గుండ్లూ బద్దలూ వేరు చేస్తూ పప్పుకేసి కాకుండా చేట అంచుకేసి చూస్తోంది. ఏమిటని అడిగితే, "తిన్నగా చూస్తే పప్పు మాయమైపోతందిరా, పక్కకి చూస్తే కనబడతాది" అంది. అద్దాల పవర్ అనుకుని రెండుసార్లు మార్పించాం. ఏడాది వృథా. చివరికి తేలింది, వయసుతో రెటీనా నడిమి భాగం (మాక్యులా) క్షీణించే జబ్బని.

రెటీనా అంటే కంటి లోపల వెనకవైపు ఉండే తెర. అందులో వెలుతురుని పట్టే చూపు కణాల కింద ఒకే వరుసగా నల్లరంగు కణాలుంటాయి. ఆర్‌పీఈ అంటారు. ఇంట్లో వంటా పాచిపనీ ఒక్క మనిషే చేస్తున్నట్టు లెక్క. రక్తనాళాల నుంచి తిండి అందించేది అదే, వెలుతురు తగిలి మారిపోయిన విటమిన్ ఎ పదార్థాన్ని మళ్లీ పనికొచ్చేలా చేసేదీ అదే. చూపు కణాలు రోజూ తమ కొసల్లో దాదాపు పదో వంతు రాల్చేస్తాయి, ఆ ముక్కల్ని మింగి అరిగించేదీ అదే. వయసు మీదపడితే అరగని చెత్త వాటిలోనే పేరుకుంటుంది. మనుషుల్లో ఆ కణాలు చచ్చిపోతే కొత్తవి పుట్టుకురావు. పైనున్నవి పస్తులతో, చెత్తలో ఉండిపోతాయి.

నన్ను నమ్మించింది మాత్రం ఎలుకల సంగతి. ఈ మింగే పని పుట్టుకతోనే చేతకాని ఒక జాతి ఎలుకలున్నాయి. లోపం మెర్‌టీకే అనే జన్యువులో ఉందని 2000లో తేలింది. అది పనిచేయాల్సింది కింది పొరలో. చచ్చేది మాత్రం చూపు కణాలు, అదీ కొన్ని నెలల్లోనే.

పొగ ఈ జబ్బుకి బాగా చెడ్డది. మామ్మకేమో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం! మానేశానంటూనే పెరట్లో రెండుసార్లు దొరికిపోయింది.

శుక్లాల ఆపరేషన్‌తో చూపు మధ్యలో పడిన ఈ మచ్చ పోదు. ల్యూటిన్, జియాజాంథిన్, జింక్ ఉన్న మాత్రలు కొందరిలో జబ్బు ముదరడాన్ని నెమ్మది చేస్తాయి, పోయిన చూపు తేవు. డాక్టర్ని అడక్కుండా కొనకండి. నాన్నగారిని రోజూ ఒక్కో కన్నూ మూసి గుమ్మం నిలువు అంచుకేసి చూడమనండి. తిన్నగా ఉండే ఆ అంచు వంకరగా కనిపిస్తే, రెటీనా కింద కొత్తగా పుట్టిన రక్తనాళాలు కారుతున్నాయేమో. దానికి ఇంజెక్షన్లున్నాయి, కానీ మాలాగా అద్దాలు మారుస్తూ కూర్చోకుండా వెంటనే వెళ్లాలి.