మిర్చి యార్డు కూలీలు రికార్డులు వాడుకోనివ్వడం లేదన్న ప్రశ్నకు సమాధానం

డాక్టరు గారూ, గుంటూరు యార్డు కూలీల ఊపిరితిత్తుల జబ్బులపై వేల ఆసుపత్రి రికార్డులు కలిపి చూద్దామంటే, "మా వివరాలు ఎవరి చేతికి పోతాయో" అని వాళ్లు వెనకాడుతున్నారని రాశారు. ఆ భయం న్యాయమైనదే. పేరు తీసేసినా ఊరు, వయసు, అరుదైన జబ్బు కలిస్తే మనిషి దొరికిపోతాడు. ఇంగ్లండ్‌లో రోగుల రికార్డులన్నీ ఒకచోట చేర్చాలనుకున్న కేర్.డేటా పథకం జనం నమ్మకం పోగొట్టుకుని 2016లో మూతపడింది.

సంతకాల ఫారాలు తర్వాత. కాటాలు అయ్యాక టీ కొట్టు దగ్గర ఒక నమూనా రికార్డు చూపించండి: వయసు, పని, ఎన్నాళ్లుగా దగ్గు. ఏ గడి ఉంచాలో, ఏది కొట్టేయాలో వాళ్లనే చెప్పమనండి. బస్తాలు మోసేవాళ్లకీ, తొడిమలు తీసే ఆడవాళ్లకీ తగిలే ఘాటు ఒకటి కాదు. ఆసుపత్రి రికార్డులో మాత్రం ఇద్దరూ 'కూలీ'యే. ఈ తేడా మీ కంప్యూటర్ చెప్పదు, వాళ్లే చెప్పాలి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో సముదాయ సలహా మండలి, అంటే పరిశోధనకు సలహా ఇచ్చే స్థానికుల బృందం, ప్రస్తావన ఉంది. డేటా అడగకముందే అది వేయండి. ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి, పని ఇచ్చేవాళ్లు వద్దు. యజమానుల ముందు ఎవరూ నోరు విప్పరు. వివరాలు యజమానులకు, బీమా కంపెనీలకు ఇవ్వబోమని కూలీలకు రాతపూర్వకంగా చెప్పండి. ఫలితాలు ముందు యార్డులోనే వినిపించండి.