మైకు పిన్నులు మార్చి అతికితే జనరేటర్ రొద పోతుందా?

మైకు కేబుల్ ప్లగ్గులో 1, 2, 3 అని మూడు పిన్నులుంటాయి. ఒక్క మైకుకు 2నూ 3నూ తారుమారు చేస్తే రొద తగ్గదు. పాటా రొదా రెండూ కలిసే తలకిందులవుతాయి, చెవికి తేడా తెలియదు. రెండు మైకులుంటేనే ఈ ఆట. నేను ఆడి తిట్లు తిన్నవాణ్ణి.

జమ్మలమడుగు దగ్గర ఒక ఊర్లో శ్రీరామనవమికి హరికథ. కరెంటు పోయింది. జనరేటర్ వేదిక వెనకే పెట్టారు, వైరు మిగులుతుందని! పూలకు, ఫ్లెక్సీలకు వేలు పోస్తారు, వంద అడుగుల వైరు అడిగితే మొహం చిట్లిస్తారు.

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండు 1974లో చేసిన పని గుర్తొచ్చింది. వాళ్ల స్పీకర్లు పాడేవాళ్ల వెనకే గోడలా ఉండేవి. ఆ మోత మైకుల్లో దూరకుండా మైకులు జంటగా కట్టి, ఒకదాని సిగ్నల్‌ను తలకిందులు చేసి, ఒక్కదానిలోనే పాడేవాళ్లు. దూరపు మోత రెండింట్లోనూ సమానంగా పడి కొట్టేసుకుంటుంది, నోటి దగ్గరి మాట మిగులుతుంది.

ఒకే రకం మైకులు రెండు, ఒకదాని కింద ఒకటి టేపుతో కట్టాను. ఒక కేబుల్‌కు 2, 3 మార్చి టంకం పెట్టాను, ఆ జనరేటర్ కరెంటుతోనే. 1 జోలికి పోకండి, అది షీల్డు, అంటే బయటి కరెంటు రొదను అడ్డుకునే తొడుగు. (మీ మిక్సర్‌లో సున్నాకు అడ్డగీత ఉన్న బటన్ ఉంటే టంకం అక్కర్లేదు. నా దాంట్లో లేదు.) రెండు ఫేడర్లూ (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) సమానం చేయగానే గుమ్మనే మోత సగానికి సగం తగ్గింది. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, దాని ముందు మైకుల మధ్య నాలుగు వేళ్ల ఎడం ఒక లెక్కా? టకటకలు మాత్రం పోలేదు, వాటి అలలు పొట్టివి.

నేను మురిసిపోతుండగా హనుమంతుడు లంకకు ఎగిరే ఘట్టం వచ్చింది. దాసుగారు గజ్జెలు ఘల్లుమనిపిస్తూ రెండడుగులు వెనక్కి గెంతారు. గొంతు మాయం! రెండు మైకులకూ ఆయన సమదూరమైపోయారు మరి, జనరేటర్‌తో పాటు ఆయన్నూ కొట్టేసింది.

"ఏందప్పా, హనుమంతుడు ఎగిరినాక మాటే ఇనపడల్యా!" అని ముందు వరసలో పెద్దాయన అరిచాడు.

"స్వామీ, పై మైకుకు మూతి ఆనించి చెప్పండి" అన్నాను.

"ఆడకుంటే అది హరికథ ఎట్లయితాది నాయనా?" అన్నారు దాసుగారు. ఏం చెప్పాలి?

కథ ఆపి, నలుగురం కలిసి జనరేటర్‌ను బడి గోడ వెనక్కి నెట్టాం. వైరు నాదే. మామూలు మైకు ఒకటి పెడితే చాలింది. జనరేటర్ ఎక్కడుందో చూడకుండా సౌండ్ గురించి మాట్లాడేవాళ్లను నేను నమ్మను.

అన్నట్టు, తిరగేసిన కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టండి. నేను చుట్టలేదు. మరుసటి వారం భజన బృందం ముందు పక్కపక్కన పెట్టిన రెండు మైకుల్లో ఒకదానికి అదే తగిలించి, డోలక్ దరువు పలచబడితే గంటసేపు మిక్సర్‌ను తిట్టుకున్నాను.